మనసు తేలికైంది, కాలువ రంగు మారలేదు

ప్రశ్న: బట్టలకు రంగు వేసే చిన్న యూనిట్ మాది. అరవై మంది పనిచేస్తారు. నాన్నగారి తర్వాత తొమ్మిదేళ్ళుగా నేనే చూసుకుంటున్నాను. రెండేళ్ళ క్రితం బాగా దెబ్బతిన్నాను. అప్పు వాయిదాలు, ఆర్డర్ల ఒత్తిడి, నిద్ర లేదు. చిన్న మాటకే అందరి మీదా అరిచేసేదాన్ని. ఎవరో చెబితే ఎనిమిది వారాల మైండ్‌ఫుల్‌నెస్ కోర్సులో, అంటే ధ్యాస నిలిపే ధ్యానం నేర్పేదానిలో, చేరాను. నిజంగానే మారాను. టెన్షన్ తగ్గింది, అరవడం మానేశాను. ఆ మేలు మావాళ్ళకూ అందాలని ప్రతి సోమవారం షిఫ్టు మొదలయ్యే ముందు అందరినీ పావుగంట ధ్యానంలో కూర్చోబెడుతున్నాను.

మా వెనక ఒక కాలువ ఉంది. దాని ఒడ్డున ఒక కాలనీ. మాకు మురుగునీటి శుద్ధి ప్లాంటు ఉంది, వాడిన నీళ్ళు ముందు దాని తొట్టిలోకి చేరతాయి. కానీ పని ఎక్కువైన రోజుల్లో, రాత్రిపూట, కొన్ని నీళ్ళు సగం శుద్ధితోనే కాలువలోకి పోతున్నాయని నాకు తెలుసు. ఇదివరకు అది గుర్తొస్తే నిద్ర పట్టేది కాదు. ఇప్పుడు పడుతోంది.

వ్యాపారాన్ని పర్యావరణానికి హాని లేకుండా మార్చాలని, కాలనీకి ఏదైనా చేయాలని ఉంది. ఒక పార్కు, పిల్లలకు ధ్యానం తరగతులు అనుకుంటున్నాను. ఈ సంగతి చెబితే మా పాత సూపర్‌వైజర్ "ముందు తొట్టి సంగతి చూడండి మేడమ్" అన్నారు. నాకు విపరీతమైన కోపం వచ్చింది. ఇంత సాధన చేశాక కూడా ఆ కోపం ఎందుకు? లీడర్‌గా నేను ఎక్కడ మొదలుపెట్టాలి?

– పేరు వద్దన్న పాఠకురాలు

సమాధానం: మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడుసార్లూ ఒకేచోట ఆగిపోయాను. "ఇప్పుడు పడుతోంది" అన్నచోట.

ఆ వాక్యం మీరు రాయకపోయినా ఎవరికీ తెలిసేది కాదు. పార్కు గురించి అడిగి ఊరుకోవచ్చు. అయినా రాశారు. మీలో ఏదో ఒకటి ఇంకా మేలుకునే ఉంది కాబట్టే రాశారని నా నమ్మకం. ఈ సమాధానం దాన్ని ఉద్దేశించి రాస్తున్నాను.

నిద్ర రావడం మంచిదే. రెండేళ్ళ క్రితం మీరున్న స్థితిలో ఎవరూ సరైన నిర్ణయాలు తీసుకోలేరు. అయితే మీకు నిద్ర పట్టనివ్వనివి రెండున్నాయి. ఒకటి ఒత్తిడి. రెండోది, చేయకూడనిది జరుగుతోందని మీ మనసు చెబుతున్న మాట. ధ్యానం ఈ రెండింటినీ వేరుచేసి చూడలేదు. రెండింటినీ కలిపి జోకొట్టేసింది. మొదటిది తగ్గినందుకు సంతోషించండి. రెండోదాన్ని మళ్ళీ లేపాలి.

ఇది నా ఊహ మాత్రమే కాదు. ఆండ్రూ హాఫెన్‌బ్రాక్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు చేసిన ప్రయోగాలు 2022లో ఒక మనస్తత్వశాస్త్ర పత్రికలో వచ్చాయి. తాము ఎవరికి అన్యాయం చేశామో గుర్తు తెచ్చుకోమని కొందరిని అడిగారు. ఆ తర్వాత శ్వాస మీద ధ్యాస పెట్టి కూర్చున్నవాళ్ళలో అపరాధభావం తగ్గింది. దాంతోపాటు, చేసిన తప్పును సరిదిద్దుకోవాలన్న పట్టుదల కూడా తగ్గింది. తోటివాళ్ళ మేలు కోరుతూ చేసే మైత్రీ ధ్యానం చేసినవాళ్ళలో మాత్రం ఆ పట్టుదల అంతగా సడలలేదు. కాబట్టి ధ్యానం మానేయమని నేను అనను. ఏం చేస్తున్నామో తెలిసి చేయమంటాను.

ఇంకొకటి కూడా గుర్తుంచుకోవాలి. ఎనిమిది వారాల కోర్సు పద్ధతిని జాన్ కబాట్-జిన్ 1979లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రంలో మొదలుపెట్టారు. అక్కడికి వచ్చినవాళ్ళలో చాలామంది దీర్ఘకాలపు నొప్పులతో బాధపడేవాళ్ళు. డాక్టర్లు చేయగలిగిందంతా చేశారు, అయినా నొప్పి పోలేదు. పోని నొప్పితో ఎలా బతకాలో నేర్పడానికి పుట్టిన పద్ధతి అది. మీ బాధ అలాంటిది కాదు. మీ బాధకు ఒక వాల్వ్ ఉంది, ఆ నీళ్ళను కాలువలోకి వదిలేది. దాన్ని మూసేయవచ్చు. మూసేయగలిగిన బాధను ఓర్చుకోవడం నేర్చుకుంటే, ఆ ఓర్పు ఖరీదు కాలువ ఒడ్డున ఉన్నవాళ్ళు కడుతున్నారు.

ఈ సాధన పుట్టిన బౌద్ధంలో కూడా స్మృతి, అంటే మీరు నేర్చుకున్న ఈ ధ్యాస, ఒక్కటే విడిగా లేదు. బుద్ధుడు చెప్పిన అష్టాంగ మార్గంలో సమ్యక్ స్మృతి ఉన్న వరసలోనే సమ్యక్ ఆజీవం కూడా ఉంది, అంటే ఎవరికీ చేటు చేయని బతుకుతెరువు. తప్పు చేయడానికి సిగ్గుపడటం, తప్పు చేయడానికి భయపడటం, ఈ రెండే లోకాన్ని కాపాడతాయని అంటారు అక్కడ. మన పెద్దవాళ్ళు పాపభీతి అంటారే, అదే. కోర్సుల వరకు వచ్చేసరికి స్మృతి ఒక్కటి ప్రయాణం చేసింది, మిగిలినవి వెనకబడ్డాయి. నాకు ఇది చాలా బాధ కలిగించే విషయం.

ఇక చేయాల్సింది. పార్కు గురించి ఇప్పుడు ఆలోచించకండి. ఈ రాత్రి నుంచే సగం శుద్ధి చేసిన నీళ్ళు బయటికి పోకూడదు. తొట్టి నిండితే యంత్రాలు ఆగాలి. ఈ మాట నోటితో చెబితే చాలదు. కాగితం మీద రాసి, మీరు సంతకం పెట్టి, వాల్వ్ దగ్గర అంటించండి. ఆపే అధికారం రాత్రి షిఫ్టులో ప్లాంటు చూసే మనిషికి ఇవ్వండి. అతను మీకు ఫోన్ చేసి అనుమతి అడగాల్సిన పని ఉండకూడదు. టయోటా కర్మాగారాల్లో ఏదైనా తేడా కనిపిస్తే వరుసలో నిలబడ్డ ఏ కార్మికుడైనా తాడు లాగవచ్చు, అవసరమైతే మొత్తం ఉత్పత్తి ఆగుతుంది. ఆ తాడు వల్లే ఈ పద్ధతి పనిచేస్తుందని చాలామంది అనుకుంటారు. కాదు, తాడు లాగినవాణ్ణి తిట్టకపోవడం వల్ల పనిచేస్తుంది. మొదటిసారి మీ మనిషి యంత్రం ఆపినప్పుడు మీ మొహం ఎలా ఉందో అరవై మందీ గమనిస్తారు. ఆ రాత్రి ఉత్పత్తి తగ్గిందని ఎవరి జీతంలోనూ, ఇన్సెంటివ్‌లోనూ కోత పడకూడదు. పడితే కాగితం గోడ మీద ఉంటుంది, వాల్వ్ తెరుచుకుంటుంది.

అదే వారంలో కాలనీ నీళ్ళ సంగతి తేల్చండి. వాళ్ళు బావి నీళ్ళో బోరు నీళ్ళో తాగుతుంటే, వాటిని బయటి ప్రయోగశాలలో పరీక్ష చేయించండి. ఫలితం వచ్చేదాకా తాగడానికి వేరే నీళ్ళు ఏర్పాటు చేయండి. అనుమానం తీరేవరకు ఆగుదాం అనుకోకండి. అనుమానం మీ వైపు ఉంది, గ్లాసు వాళ్ళ చేతిలో ఉంది.

ఒక సాంకేతిక విషయం మీకు తెలిసే ఉంటుంది, అయినా చెబుతాను, ఎందుకంటే ఈ రంగంలో చాలామంది దీన్ని పక్కకు నెట్టేస్తారు. నూలు బట్టకు రియాక్టివ్ రంగులు (నూలు పోగుతో రసాయనికంగా కలిసిపోయేవి) వేసేటప్పుడు రంగు నూలుకు పట్టాలంటే ఉప్పు బాగా వేయాలి. వేసిన రంగంతా పట్టదు, పట్టని భాగం కడుగునీళ్ళలో పోతుంది. ఉప్పు దాదాపు మొత్తం పోతుంది. రంగును తీసేయడానికి చాలా మార్గాలున్నాయి. ఉప్పు మాత్రం సూక్ష్మజీవులతో నడిచే మామూలు శుద్ధిలో పోదు. దానికి ఆర్‌వో వంటి పొరలు, ఆ తర్వాత నీటిని ఆవిరి చేసే ఏర్పాటు కావాలి. అందుకని కాలువ నీళ్ళు తేటగా కనిపించినంత మాత్రాన శుభ్రమైనట్టు కాదు. ఉప్పుకు రంగు లేదు. నేలను చవుడు చేసేది, బావిని ఉప్పగా మార్చేది అదే. రంగు కనబడటం లేదు కదా అని ఎవరైనా మీతో అంటే, కరిగిన లవణాల లెక్క చూపించమని అడగండి.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. ఆ నీళ్ళు రాత్రిపూట ఎందుకు పోతున్నాయి? మీ ప్లాంటు చూసే మనిషి చెడ్డవాడై కాదు. తొట్టి నిండింది, యంత్రం తిరుగుతోంది, తెల్లవారితే లోడు వెళ్ళాలి. అతని ముందు మీరు వేరే దారి ఉంచలేదు. ఆ రాత్రి జరిగిన తప్పు రాత్రి పుట్టలేదు. పదిరోజుల ముందు పగటిపూట, మీరు ఫోన్‌లో "సరే, అయిపోతుంది" అన్నప్పుడు పుట్టింది.

హడావిడి మనిషిని ఏం చేస్తుందో జాన్ డార్లీ, డేనియల్ బ్యాట్సన్ అనే ఇద్దరు పరిశోధకులు 1973లో చూపించారు. ప్రిన్‌స్టన్‌లో మతబోధకులు కావడానికి చదువుకుంటున్న విద్యార్థులను ఒక ప్రసంగం చేయడానికి పక్క భవనానికి పంపారు. కొందరి ప్రసంగ విషయం, దారిలో పడి ఉన్న అపరిచితుణ్ణి ఆదుకున్న మంచి సమరయుడి కథ. దారిలో ఒక మనిషి గుమ్మం దగ్గర ఒరిగిపోయి దగ్గుతూ కనిపించేలా ఏర్పాటు చేశారు. బాగా ఆలస్యమైందని చెప్పి తొందరపెట్టిన విద్యార్థుల్లో 10 శాతం మందే సాయం చేశారు. తీరిక ఉన్నవాళ్ళలో 63 శాతం మంది చేశారు. దయ గురించే మాట్లాడటానికి వెళ్తున్నారన్నది చెప్పుకోదగ్గ తేడా తేలేదు. తొందర ఉందా లేదా అన్నదే తేడా తెచ్చింది.

దీన్ని నేను పుస్తకంలో చదివే నాటికి అనుభవంలో తెలుసుకున్నాను. చాలా ఏళ్ళ క్రితం ఒక ఫ్యాక్టరీలో షిఫ్టు చూసేవాణ్ణి. ఒక సాయంత్రం ఒక కార్మికుడు వచ్చి "ఆవిరి పైపు జాయింటు దగ్గర చప్పుడు తేడాగా ఉంది సార్" అన్నాడు. లోడు పంపే హడావిడిలో ఉన్నాను. "రేపు చూద్దాం" అన్నాను. నేను దుర్మార్గుణ్ణి కాదు, అతనంటే నాకు ఇష్టం కూడా. ఆ రాత్రే జాయింటు వదిలేసి అతని ముంజేయి కాలింది. తగ్గింది, మళ్ళీ పనిలోకి వచ్చాడు, నన్నెప్పుడూ ఒక్క మాట అనలేదు. ఆ "రేపు చూద్దాం" మాత్రం ఇన్నేళ్ళైనా నా చెవిలో ఉంది. దాన్ని పోగొట్టుకోవాలని నేను అనుకోవడం లేదు.

అందుకే మీ సాధన చేయాల్సిన చోటు సోమవారం పొద్దున చాప మీద కాదు, ఆర్డర్ ఒప్పుకునే ఫోన్ దగ్గర అంటాను. మీ ఫ్యాక్టరీ కెపాసిటీ అంటే రంగు యంత్రాలు రోజుకు ఎంత బట్ట తీయగలవో అది కాదు. శుద్ధి ప్లాంటు రోజుకు ఎన్ని నీళ్ళు పూర్తిగా శుభ్రం చేయగలదో, అన్ని నీళ్ళతో ఎంత బట్ట అవుతుందో, అదీ కెపాసిటీ. ఆ అంకె ఒకటి లెక్క కట్టి మీ బల్ల మీద రాసి పెట్టుకోండి. ఆర్డర్ రాగానే మాట ఇవ్వకండి. "రేపు పొద్దున చెబుతాను" అనండి. ఆ సాయంత్రం ప్లాంటు చూసే మనిషిని పిలిచి "ఈ తేదీకి మనం చేయగలమా?" అని అడగండి. ఇప్పటిదాకా ఆ ప్రశ్న మార్కెటింగ్ వాళ్ళను అడిగి ఉంటారు, ఉత్పత్తి వాళ్ళను అడిగి ఉంటారు. అతన్ని ఎవరూ అడిగి ఉండరు.

నీళ్ళు తక్కువ వాడితే శుద్ధి చేయాల్సిందీ తగ్గుతుంది, ఇది అందరికీ తెలిసిన లెక్కే. కిలో బట్టకు ఎన్ని లీటర్ల నీళ్ళు పోస్తున్నారో యంత్రం వారీగా కొలవండి. చివరి కడుగులో వచ్చే కాస్త శుభ్రమైన నీటిని తర్వాతి బ్యాచ్ మొదటి కడుగుకు వాడవచ్చేమో చూడండి. వీటన్నిటికంటే ముందు, ఎన్ని బ్యాచ్‌లు షేడ్ కుదరక రెండోసారి రంగు వేస్తున్నారో లెక్క తీయండి. తిరిగి వేసిన ప్రతి బ్యాచ్‌కూ నీళ్ళు, ఉప్పు, ఆవిరి, రాత్రి నిద్ర అన్నీ రెండింతలు. షేడ్ ఎందుకు తప్పుతుంది? ఎక్కువసార్లు తూకం తొందర, ఉష్ణోగ్రత పెంచడంలో తొందర, శాంపిల్ చూడకుండా ముందుకు పోవడం. చూశారా, మళ్ళీ హడావిడే. నెమ్మదిగా చేస్తే ఖర్చు తగ్గే చోటు ఇది. ధ్యాస అనే మాటకు మీ వ్యాపారంలో అర్థం ఏమిటని ఎవరైనా అడిగితే, తూకం వేసేవాడికి తూకం వేయడానికి సరిపడా సమయం ఇవ్వడం అని చెప్పండి.

తివాచీ పలకలు తయారుచేసే ఇంటర్‌ఫేస్ కంపెనీ అధిపతి రే ఆండర్సన్ గురించి మీకు చెప్పాలి. 1994లో, అరవై ఏళ్ళ వయసులో, పర్యావరణం మీద కంపెనీ వైఖరి ఏమిటని కొనుగోలుదారులు అడగడం మొదలుపెడితే, ఆయన దగ్గర జవాబు లేదు. ఆ వెతుకులాటలో చదివిన ఒక పుస్తకం తన గుండెలో ఈటెలా దిగిందని ఆయన చెప్పుకునేవారు. భూమిని దోచుకుంటున్నవాళ్ళలో తానూ ఒకణ్ణని బహిరంగంగా ఒప్పుకున్నారు. ఆ ఈటెను పీకి పారేయడానికి ఆయన ప్రయత్నించలేదు. 2020 నాటికి పర్యావరణానికి చేసే హానిని సున్నాకు తేవాలని లక్ష్యం పెట్టుకుని, వ్యర్థం ఎంత, ఇంధనం ఎంత, నీళ్ళు ఎంత అని ఏటేటా కొలిచి లోకానికి చెప్పారు. 2011లో ఆయన పోయారు. కంపెనీ ఆ పని ఆపలేదు, లక్ష్యాన్ని చేరుకున్నామని 2019లో ప్రకటించింది. ఆయన కంపెనీ పెద్దది, మీది చిన్నది. కానీ ఆయన మొదలుపెట్టిన చోటు మీరు వదిలేసిన చోటే. బాధ కలిగింది, దాన్ని అంకెల్లోకి మార్చారు.

డబ్బు సంగతి దాటేయను. కొంతకాలం మీ ఆదాయం తగ్గుతుంది. తగ్గదని ఎవరైనా చెబితే నమ్మకండి. వాయిదా తప్పిన తర్వాత కాకుండా ముందే బ్యాంకుకు వెళ్ళి, ప్లాంటు పెంచడానికి అప్పు, పాత వాయిదాలకు గడువు, రెండూ ఒకేసారి మాట్లాడండి. కొనుగోలుదారులతో కూడా మాట్లాడండి. బట్టల తయారీలో విష రసాయనాలు మానాలంటూ పర్యావరణ సంస్థ గ్రీన్‌పీస్ 2011లో డీటాక్స్ ప్రచారం మొదలుపెట్టినప్పటి నుంచి చాలా పెద్ద దుస్తుల బ్రాండ్లు తమకు రంగు వేసిచ్చే యూనిట్ల మురుగునీటి పరీక్షలు అడుగుతున్నాయి. అలా అడిగేవాళ్ళు మీ కొనుగోలుదారుల్లో ఉంటే, గడువు రెండు రోజులు పెంచమని వాళ్ళను అడిగే హక్కు మీకుంది. శుభ్రమైన నీళ్ళూ కావాలి, పాత గడువూ కావాలి అంటే కుదరదని మర్యాదగానే చెప్పండి. ఒప్పుకోనివాళ్ళు కొందరు పోతారు. ఎవరిని వదులుకోవాలో మీరే ముందు నిర్ణయించుకుంటే నష్టం కాస్త మీ చేతుల్లో ఉంటుంది. ఒక్కటి మాత్రం చేయకండి. ప్లాంటు ఖర్చును కార్మికుల జీతాల్లోంచి తీయకండి.

ఐక్యరాజ్యసమితి నియమించిన బ్రంట్‌లాండ్ కమిషన్ 1987లో సుస్థిరాభివృద్ధికి ఇచ్చిన నిర్వచనం అందరికీ నోటికి వచ్చు. రేపటి తరాల అవసరాలకు లోటు రాకుండా నేటి అవసరాలు తీర్చుకోవడం. దాని వెంటనే వచ్చే మాటను మాత్రం ఎవరూ చెప్పరు. అవసరాలు అన్నప్పుడు పేదవాళ్ళ కనీస అవసరాలకే అన్నిటికంటే ముందు చోటు అని ఆ నివేదిక అంటుంది. మీ కాలనీలో నీళ్ళ డబ్బా కొనుక్కోగలిగిన ఇల్లు ఎన్నో, కొనుక్కోలేని ఇల్లు ఎన్నో మీకు తెలుసా? పార్కు కంటే ముందు తెలుసుకోవాల్సింది అది.

కాలనీకి వెళ్ళండి. కానుకతో వెళ్ళకండి, నిజంతో వెళ్ళండి. వెళ్ళేముందు ఒక లాయరును కలవండి, మీకు వర్తించే కాలుష్య నియంత్రణ నిబంధనలు ఏం చెబుతున్నాయో, జరిగినదాన్ని అధికారులకు మీరే ఎలా తెలియజేయాలో కనుక్కోండి. జరిమానా పడవచ్చు, అంతకంటే పెద్దది కూడా రావచ్చు. దానికి సిద్ధపడే వెళ్ళండి. కానీ క్షమాపణ లాయరుతో రాయించకండి. "ఎవరికైనా ఇబ్బంది కలిగి ఉంటే" అన్న మాట అందులో ఉండకూడదు. కొన్ని రాత్రులు మా ఫ్యాక్టరీ నుంచి శుద్ధి కాని నీళ్ళు కాలువలోకి వదిలాం, అది నాకు తెలుసు, ఫలానా తేదీ నుంచి ఆపాం, అని చెప్పండి. తర్వాత మాట్లాడకుండా కూర్చోండి. వాళ్ళు కోప్పడతారు. కొందరు నమ్మరు. మీరు నేర్చుకున్న శ్వాస మీద ధ్యాస మీకు నిజంగా పనికొచ్చే గంట అదే. లేచి వచ్చేయకుండా, మిమ్మల్ని మీరు సమర్థించుకోకుండా, వినడానికి దాన్ని వాడండి.

ఆ తర్వాత ఏం చేయాలన్నది మీరొక్కరే నిర్ణయించకండి. ఎలినార్ ఆస్ట్రమ్ అనే ఆవిడ నీటి కాలువలు, చేపల వేట నీళ్ళు, ఉమ్మడి అడవులు, పచ్చిక బయళ్ళ మీద జీవితమంతా పనిచేశారు. 2009లో అర్థశాస్త్రంలో నోబెల్ అందుకున్నారు, ఆ బహుమతి పొందిన తొలి మహిళ ఆవిడే. ఉమ్మడి వనరు ఎక్కడ తరాల తరబడి నిలిచిందో అక్కడ కొన్ని పోలికలు కనిపించాయి ఆవిడకు. నియమాలు పెట్టడంలో, ఆ నియమాల కింద బతికేవాళ్ళకు చోటు ఉంటుంది. కాపలా కాసేవాళ్ళు ఆ వనరు వాడుకునేవాళ్ళే అయి ఉంటారు, లేదా వాళ్ళకు జవాబు చెప్పేవాళ్ళై ఉంటారు. మొదటి తప్పుకు చిన్న శిక్ష, మళ్ళీ చేస్తే పెద్దది. తగాదా వస్తే దగ్గర్లోనే, పెద్ద ఖర్చు లేకుండా తేల్చుకునే చోటు ఉంటుంది.

మీ కాలువకు ఇది ఎలా పనికొస్తుందంటే, కాలనీవాళ్ళు తమలోంచి ఇద్దరిని ఎంచుకోనివ్వండి. మీరు ఎంచకండి. వాళ్ళు రాత్రైనా పగలైనా చెప్పకుండా వచ్చి ప్లాంటు చూడవచ్చు. తగిన బూట్లు, కళ్ళద్దాలు ఇవ్వండి, ఏది ఏమిటో మీ మనిషి చూపిస్తాడు. నమూనా సీసా వాళ్ళ చేత నింపించండి, వాళ్ళ సంతకంతో సీలు వేయించండి, వాళ్ళు చెప్పిన ప్రయోగశాలకే పంపండి. ఖర్చు మీది. ఫలితం మీకు, వాళ్ళకు ఒకే రోజు అందాలి. బాగా వచ్చినా రాకపోయినా గేటు బయట బోర్డు మీద పెట్టండి. మొదటి కొన్ని ఫలితాలు బాగుండకపోవచ్చు. వాటిని కూడా పెట్టారంటేనే తర్వాత వచ్చే మంచి ఫలితాన్ని ఎవరైనా నమ్ముతారు. ఏడాది తర్వాత వాళ్ళే పార్కు కావాలంటే కట్టించండి. ఏమో, వాళ్ళకు పార్కు కంటే బావి పూడిక తీయడం ముఖ్యం కావచ్చు. పిల్లలకు ధ్యానం తరగతుల మాట మాత్రం వాళ్ళు అడిగితే తప్ప ఎత్తకండి. తమ నీళ్ళు పాడుచేసినవాళ్ళు తమ పిల్లలకు ప్రశాంతత నేర్పుతామంటే ఏ తల్లికైనా కడుపు మండుతుంది.

సోమవారం ధ్యానం గురించి. మీ ఉద్దేశం మంచిదే, కానీ ఇల్లు అలకగానే పండగ కాదు. షిఫ్టు మొదలయ్యే ముందు అంటే ఆ పావుగంటకు జీతం ఉందా? యజమాని కళ్ళు మూసుకోమంటే వద్దనగలిగేవాళ్ళు ఎంతమంది? రాత్రంతా వేడి యంత్రాల దగ్గర నిలబడ్డ మనిషికి మీ మేలు ఒక అదనపు పనిలా అనిపించవచ్చు. కావాలన్నవాళ్ళకు ఉంచండి, జీతమిచ్చే సమయంలో, రాకపోతే ఎవరూ అడగకుండా. మిగతా అందరికీ ఆ పావుగంటను వేరేగా వాడండి. "పోయినవారం ఏది సరిగా జరగలేదు? మీ కంట పడి నా కంట పడనిది ఏమిటి?" అని అడగండి. మీరు రాసుకోండి. ఒక్కటైనా ఆ వారంలోనే సరిచేసి, చేశామని చెప్పండి. మొదటి రెండు మూడు వారాలు ఎవరూ నోరు విప్పరు. మీ పాత అరుపులు వాళ్ళకు గుర్తున్నాయి. మీరు మారారని మీకు తెలుసు, వాళ్ళకు ఇంకా తెలియదు.

మాట్లాడటం మొదలయ్యాక తప్పుల చిట్టా పెరుగుతుంది. భయపడకండి. ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు 1990లలో ఆసుపత్రి బృందాల్లో మందుల పొరపాట్లు లెక్కపెడుతుంటే, బాగా పనిచేసే బృందాల్లోనే పొరపాట్లు ఎక్కువ నమోదయ్యాయి. ఆవిడే ఆశ్చర్యపోయారు. తరచి చూస్తే, అక్కడ పొరపాట్లు ఎక్కువ జరగడం లేదు, చెప్పుకోవడానికి భయం లేదు. మీ రాత్రి షిఫ్టు లాగ్‌బుక్‌లో "తొట్టి నిండింది, ఆపాం" అన్న వాక్యం మొదటిసారి కనిపించినప్పుడు దాన్ని శుభవార్తగా చదవండి.

మీ సొంత సాధన కొనసాగించండి. దానికి రెండు మార్పులు చెబుతాను. శ్వాసతో పాటు మైత్రీ ధ్యానం చేయండి. అందులో "సమస్త ప్రాణులు" అని పెద్దగా అనుకోకుండా, కాలువ ఒడ్డున బట్టలుతికే ఒక మనిషి ముఖాన్ని, రాత్రి ప్లాంటు దగ్గర ఒంటరిగా కూర్చునే మీ మనిషి ముఖాన్ని తలచుకోండి. వాళ్ళ ముఖాలు మీకు గుర్తు రాకపోతే వెళ్ళి చూసి రండి. రెండోది, వారానికి ఒక రాత్రి, ఎవరికీ చెప్పకుండా, ఫోన్ ఇంట్లో పెట్టి, గేటు నుంచి తొట్టి దాకా, తొట్టి నుంచి కాలువ దాకా నడవండి. ఏమీ తనిఖీ చేయకండి. చూడండి, వాసన చూడండి, ఎవరైనా మాట్లాడితే వినండి.

ఇక మీ కోపం. ఉన్నమాటంటే ఉలుకెక్కువ అంటారు. సూపర్‌వైజర్ మిమ్మల్ని అవమానించలేదు. మీకు తెలిసినదాన్నే, మీరు జోకొట్టి పడుకోబెట్టినదాన్ని, పేరు పెట్టి పిలిచారు. అది లేచింది. సాధన విఫలమై ఆ కోపం రాలేదు. తొమ్మిదేళ్ళు చూస్తూ ఊరుకున్న మనిషి, మీరు మారారన్న ఆశ కలిగాక, మొదటిసారి ధైర్యం చేసి ఉండవచ్చు. ఆ మాటకు మీ మొహంలో కోపం కనిపించి ఉంటే, ఆయన ఇప్పుడు ఎందుకన్నానా అని అనుకుంటూ ఉంటారు. ఆయన చుట్టూ ఉన్నవాళ్ళు కూడా, మేడమ్‌తో ఇలాంటివి మాట్లాడకూడదని నేర్చుకుని ఉంటారు.

వాల్వ్ దగ్గర అంటించే కాగితం ఆయనతో కూర్చుని రాయండి. ఏ మట్టం దగ్గర ఆపాలో మీకంటే ఆయనకు బాగా తెలుసు. ముందు మాత్రం "ఆ రోజు మీరు చెప్పింది నిజం, నాకు కోపం వచ్చింది, తప్పు నాది" అని చెప్పండి, నలుగురి ముందు. ఆయన ఈ రాత్రి షిఫ్టులో ఉంటే ఈ రాత్రే వెళ్ళండి.